నేను వినని కచేరి, విన్న కచేరి

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు రాయమని మన కార్యదర్శిగారు అడిగారు. ఆఫీసు సంగతులు మిత్రులు చాలామంది రాస్తారు కనుక నేను ఒక సంగీత కచేరి గురించి, దాని వెనక ఉన్న చరిత్ర గురించి కొంచెం రాస్తాను. ఇందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది.

1978లో నేను గుడివాడలో యు.డి.సి.గా పనిచేస్తున్నాను. ఊళ్ళో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్నాయి. మా సెక్షన్ మిత్రుడొకాయన నా బల్ల దగ్గరకు వచ్చి, "పాలకొల్లు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లవాడు వచ్చాడటండీ, మాండొలిన్ మీద కీర్తనలు వాయిస్తాడట, వెళదాం రండి" అన్నారు. "మాండొలిన్ సినిమా పాటలకు గానీ కీర్తనలకేమిటండీ" అని నవ్వేసి ఫైలు చూసుకుంటూ ఉండిపోయాను. ఆ పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్. అది ఆయన మొదటి బహిరంగ కచేరి. నేనున్న ఊళ్ళోనే జరిగింది, నేను వినలేదు.

నిజానికి ఆ మాట నాది కాదు, మా నాన్నగారిది. ఆయన బడిపంతులు, ఫిడేలు వాయించేవారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారంటే ప్రాణం. నేను కాలేజీలో చదివే రోజుల్లో స్కాలర్‌షిప్ డబ్బుతో పాత మాండొలిన్ ఒకటి కొన్నాను. "దాని మీద గమకం పలకదురా, చెయ్యి పాడవుతుంది" అని నాన్నగారు దాన్ని అమ్మించేశారు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఉంది. అయినా చిత్రంగా ఆయన మాటే నా నోట వచ్చింది.

నాన్నగారి అభ్యంతరం అర్థం లేనిది కాదు. వీణకూ మెట్లున్నాయి కదా అంటారేమో. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించే వీలుంది. ఇటలీ నుంచి వచ్చిన మాండొలిన్ మెడ పొట్టిది, మెట్లు దగ్గర దగ్గర, తీగలు నాలుగు జంటలు. పైగా మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. అయితే నాన్నగారు మరిచిన సంగతి ఒకటుంది. ఫిడేలు కూడా సీమ నుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన సంగీతానికి తెచ్చారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారంవారి చేతిలో అది పూర్తిగా మనదైపోయింది. తమిళనాట ఎ.కె.సి. నటరాజన్‌గారు క్లారినెట్టును, కన్నడసీమలో కద్రి గోపాల్‌నాథ్‌గారు శాక్సఫోన్‌ను అలాగే లొంగదీశారు. ఇంకో విశేషం, మామూలు మాండొలిన్ తీగల వరుస ఫిడేలు తీగల వరుసే!

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను ఆరేళ్ళ వయసులో చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని వాయించేవాడు. నాకు తోచినంతవరకు అసలు రహస్యం అక్కడే ఉంది. వాయిద్యం నేర్పే గురువు దొరికి ఉంటే దాని హద్దులు కూడా నేర్పి ఉండేవాడు. శ్రీనివాస్ జంట తీగలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టారు, నాదం నిలవడానికి కరెంటు మాండొలిన్ పట్టారు. 1981లో మద్రాసు డిసెంబరు సీజనులో వాయించారు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్ళారు.

1985లో విజయవాడలో ఒక శ్రీరామనవమి పందిట్లో ఆయన కచేరి ఉందని తెలిసి, నాన్నగారిని బతిమాలి బస్సెక్కించాను. "తోడి గాంధారం ఎలా పలికిస్తాడో చూస్తాను" అని బయలుదేరారాయన. ఇసుకలో తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాం. వేదిక మీద పదహారేళ్ళ కుర్రవాడు, నుదుట విభూతి, ముఖాన చిరునవ్వు. గంట గడిచాక తోడి ఎత్తుకున్నాడు. నేను వేదిక వైపు చూడడం మానేసి నాన్నగారి వైపు చూస్తున్నాను. ఆయన ఎడమచేతి వేళ్ళు మోకాలి మీద, లేని ఫిడేలు మీద కదిలినట్టు కదులుతున్నాయి. గాంధారం దగ్గర ఆ వేళ్ళు ఆగిపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఉయ్యూరు దాటాక అడిగారు, "అప్పట్లో ఆ మాండొలిన్ ఎంతకమ్మావురా?"

"ముప్పై రూపాయలకండీ."

"కొన్నదెంతకు?"

"నలభై అయిదుకు."

మళ్ళీ మాట్లాడలేదు. పామర్రులో బస్సు ఆగినప్పుడు, టీ తాగుతూ, "తోడి బాగానే పలికింది" అన్నారు.

1998లో శ్రీనివాస్‌కు పద్మశ్రీ వచ్చేనాటికి నాన్నగారు లేరు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. ఆ రాత్రి గుడివాడ మిత్రుడు ఫోను చేశారు. ఆయనా అప్పటికి రిటైరయ్యారు. "1978లో ఆ రోజు ఏమేం వాయించాడండీ?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, జ్ఞాపకం లేదన్నారు.