అడుగు గాలం

సముద్రపు అడుగున మేసే చేపలను పట్టే గాలపు అమరిక. అనకాపల్లి జిల్లాలో పూడిమడక తీరం గాలపు వేటకు పేరున్నది.

అమరికను అడుగు నేలను బట్టి ఎంచుకోవాలి. ఇసుక నేలపై సీసపు గుండును తాడు చివర, గాలాలను దానికి పైన పొట్టి పక్కతాళ్లకు కడతారు; ఎర నేలను తాకకుండా ఆడుతుంది. రాతి నేలపై గుండును అసలు తాడుకన్నా బలం తక్కువైన దారంతో కట్టాలి. రాళ్లలో ఇరుక్కుంటే ఆ దారమే తెగుతుంది, గాలమూ చేపా దక్కుతాయి. ప్రవాహం పెరిగితే గుండు బరువూ పెంచాలి.

రొయ్య, కవళ్ల ముక్కలు వాసనతో చేపను రప్పిస్తాయి గానీ తేలిగ్గా ఊడిపోతాయి. గట్టిగా నిలిచేది స్క్విడ్ ముక్క. మొన లోపలికి తిరిగిన గుండ్రటి గాలం ఎక్కువగా నోటి మూలనే దిగుతుంది. చిన్న చేపలను ప్రాణంతో వదలడానికి అదే మేలు.