పదమూడు ముక్కల పతనం

పేకాట ఎన్నో కొంపలు కూల్చింది. అయినా అందులో రమ్మీకి ఒకనాడు సుప్రీంకోర్టులో పరువు దక్కింది. అదీ మన సికింద్రాబాద్ వల్లే. 1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది పట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనని 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాశారు.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పందెం కాయించి ఆడించి క్లబ్బు యజమాని లాభం చేసుకుంటుంటే అది నేరం కావచ్చని. నా బాధంతా ఈ మాటను మరుగున పడేసినందుకే.

నాలుగు దశాబ్దాల తర్వాత హైదరాబాద్‌లోనే ఏస్ టు త్రీ అనే ఆన్‌లైన్ రమ్మీ పుట్టింది. దాని వెనకే మరెన్నో యాప్‌లు. అందరికీ ఆ తీర్పే అండ. ప్రతి పందెంలోంచి కమీషన్ కోసుకోవడమే వ్యాపారం. క్లబ్బులో ముక్కలు కలపాలి, పంచాలి, మధ్యలో టీ రావాలి. ఓడిపోతున్నవాణ్ని చూసి "ఇంక చాల్లే, లేచి ఇంటికి పోరా" అనే పెద్దమనిషి ఒకడుండేవాడు. ఫోన్‌లో ఆట ముగిసిన మరుక్షణం కొత్త టేబుల్ సిద్ధం. అర్ధరాత్రి, దుప్పటి కింద, పక్కన పడుకున్న భార్యకు తెలియకుండా జీతమంతా పోయేది. తర్వాత లోన్ యాప్. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో ఎన్ని చదివామో!

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2023 అక్టోబరులో పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది. అయినా ప్రకటనలు ఆగలేదు, క్రికెటర్లు ఆడమంటూనే వచ్చారు. చివరకు 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి సంతకం. డబ్బుతో ఆడించేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినవాణ్ని చట్టం బాధితుడిగానే చూసింది. టీమిండియా జెర్సీ మీద నుంచి గేమింగ్ యాప్ డ్రీమ్ ఎలెవెన్ పేరు పోయింది. వేలాది మంది ఉద్యోగులు వీధిన పడ్డారు. వాళ్ల ఉసురూ ఆ యాప్‌ల యజమానులకే తగులుతుంది.

ఏస్ టు త్రీని పెట్టిన కంపెనీ కర్ణాటక హైకోర్టుకెక్కింది. అలాంటి పిటిషన్లు తర్వాత సుప్రీంకోర్టుకు చేరాయి. మళ్లీ అదే నైపుణ్యం వాదన. సికింద్రాబాద్ తీర్పును ఈసారి రెండో సగం కూడా కలిపి చదవమని ఆ న్యాయమూర్తులను చేతులెత్తి వేడుకుంటున్నాను.