రేబన్ కనుమ పాత కథ

అట్లాంటాలో పిల్లలున్న మన సభ్యులు అక్కడికి వెళ్ళినప్పుడు, కారులో రెండు గంటల దూరంలో ఉన్న రేబన్ గ్యాప్‌ను చూడవచ్చు. జార్జియా రాష్ట్రం ఈశాన్య కొసన, బ్లూ రిడ్జ్ కొండల నడుమ ఉన్న కనుమ ఇది. ఇక్కడ కురిసిన వానలో ఉత్తరానికి జారిన నీరు చివరకు మెక్సికో సింధుశాఖలోను, దక్షిణానికి జారినది అట్లాంటిక్ సముద్రంలోను కలుస్తుంది.

ఒకప్పుడు ఇది చెరోకీల సీమ. ఏటి ఒడ్డున ఊళ్ళు కట్టుకొని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవారు. 1760, 1761 సంవత్సరాలలో బ్రిటిష్ సేనలు ఈ ప్రాంతపు చెరోకీ ఊళ్ళను అనేకం తగలబెట్టాయి. 1775లో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం బార్ట్రామ్ ఈ దారిన పోతూ, కనుమకు సమీపాన స్టీకో అనే పాడుబడ్డ ఊరు చూశాడు. పెద్ద మట్టిదిబ్బ, పాత పీచ్ పండ్ల తోటలు మిగిలాయి. కొన్ని చెట్లు ఇంకా కాస్తున్నాయి. నాటినవారు మాత్రం లేరు.

1819 ఫిబ్రవరి ఒప్పందంతో చెరోకీలు ఈ భూమిని వదులుకోవలసి వచ్చింది. అదే డిసెంబరులో, అంతకు రెండు నెలల ముందు మరణించిన గవర్నరు విలియం రేబన్ పేరిట కౌంటీ ఏర్పడింది. 1820లో లాటరీ తీసి భూములు పంచారు. ఆ మరుసటి ఏడే సెక్వోయా అనే చెరోకీ తన భాషకు లిపి సమకూర్చాడు. 1828లో ఆ లిపిలో వార్తాపత్రిక కూడా వెలువడింది. అయినా 1838లో మిగిలిన చెరోకీలలో అధికులను సైన్యం పడమటికి తరలించింది. సుమారు 4,000 మంది మరణించారని అంచనా. కొందరు ఉత్తర కరోలినా కొండల్లో నిలిచారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉంది.

తరువాత వచ్చి స్థిరపడిన రైతుల కథ మాత్రం పదిలంగా మిగిలింది. 1966లో రేబన్ గ్యాప్ బడిపిల్లలు ‘ఫాక్స్‌ఫైర్’ అనే పత్రిక ప్రారంభించారు. ఊరి వృద్ధుల దగ్గర కూర్చొని దుంగల ఇల్లు కట్టడం, మూలికల వైద్యం వంటివి అడిగి రాసుకున్నారు. 1972లో అవి పుస్తకమై లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి.

స్టీకో ముసలివారిని అలా అడిగినవారు లేరు. అందుకే ఆ తోట నాటినవారి పేర్లు మనకు దక్కలేదు.

మిత్రులారా, మన మనవలు అడిగేదాకా ఆగవద్దు. మన ఊరి చెరువు ఎవరు తవ్వించారో, పెరటి మామిడి ఎవరు నాటారో ఈ వారమే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.