తోడి గాంధారం

కట్టెలు జర లోపలికి తోయి బిడ్డా. సంగీత కాలేజీల చేరుతనంటున్నవు గదా, మా కాలం ముచ్చట చెప్త ఇను.

మన మఠంపల్లి అప్పుడు నల్లగొండ జిల్లాల ఉండె. ఏరు దాటితే ఆంధ్రనే గాబట్టి రేడియోల విజయవాడ స్టేషన్ ఖంగుమని పలికేది. భక్తిరంజని ఇనుకుంటనే మీ ముత్తవ్వ బర్రె పాలు పిండేది. శుభవార్త చర్చిల పాటలకు హార్మోనియం నాదే. పండుగొస్తే బయట ఎడ్ల పందేల కేకలు, లోపల మా పాట.

1973ల హుజూర్‌నగర్ పోయి, అక్కడ బస్సెక్కి హైదరాబాద్‌ల దిగిన. ఇప్పుడు రాంకోటిల త్యాగరాజు పేరుతోటి ఉన్నదే, ఆ సర్కారు సంగీత కాలేజీ, 1952ల పెట్టిన్రు. పగలు బట్టల కొట్ల లెక్కలు రాసుడు, సాయంత్రం క్లాసు. రాత్రి మెస్సుల ఏది మిగిలితే అది తినుడు.

నెలల తరబడి మాయామాళవగౌళనే. సరళీ వరుసలు మూడు కాలాలల్ల, తొడ మీద తాళమేసుకుంట. పుస్తకం తెరవనిచ్చేటోరు గాదు మా సారు. చెవి పట్టుకున్నంకనే చెయ్యి రాయాలె అనేటోరు. పొద్దుగాల గదిల పాడితే పక్కింటోళ్లకు నిద్ర పాడాయె. అందుకని చీకటితోటే లేచి పబ్లిక్ గార్డెన్‌కు నడిచేటోన్ని.

తంబూరా శ్రుతి చేసుడు చూడాలె నువ్వు. తీగకు, అది ఆనే బ్రిడ్జికి నడుమ నూలుపోగు పెడతరు. జీవాళి అంటరు దాన్ని. సారు ఆ పోగును గోటితోటి రవ్వంత ముందుకు, రవ్వంత ఎనక్కు జరిపేటోరు. ఒక్క తావు దొరికిందంటే అప్పటిదాంక మొద్దుగున్న తీగ జుమ్మని మోగేది. ఆ మోత ఇన్నంక హార్మోనియం ఎందుకు చాలదో నాకు తెలిసింది. తోడిల గాంధారం ఒక్క మెట్టు మీద నిలవది, అటు రిషభానికి ఇటు మధ్యమానికి ఊగుతనే ఉంటది. ఆ ఊగుడు పెట్టె మెట్లల్ల ఏడుంటది? ఆకాశవాణి 1940 సంది 1971 దాంక హార్మోనియంను రానియ్యకపోవుడుకు ఇదొక కారణమే. అయినా ఊరూరికి పాట నేర్పింది ఆ పెట్టెనే, దాన్ని ఎలేసుడు నాకు ఇష్టం లేకుండె.

మొదటేడే, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు పోయిన్రు. ఆ సాయంత్రం పాఠం నడువలె. విజయనగరం కాలేజీల ఆయన జోలె కట్టుకుని, ఇల్లిల్లు తిరిగి మధుకరం ఎత్తి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర చదువుకున్న తీరు సారు చెప్పిన్రు. చెప్పుకుంట చెప్పుకుంటనే ఆయన గొంతు పూడుకపోయింది. మెస్సు కూడుకు నేను సణుగుడు ఆ రోజుతోటే బందయింది.

సర్టిఫికెట్టుకు నాలుగేండ్లు, ఆ మీద డిప్లొమాకు రెండు. ఊరికొచ్చినంక చర్చి పిల్లలకు ముందుగాల తంబూరా మీదనే స్వరాలు పట్టిచ్చిన, పెట్టె తర్వాతనే ముట్టనిచ్చిన. వాళ్ల పాటల ఆ తేడా ఊరంతా ఇన్నది.

నీ ఫోన్ల తంబూరా మోగుతదంటివి, మంచిదే, బస్సుల పోంగ పనికొస్తది. గని జీవాళి జరుపుడు నీ గోటికి రావాలె. నా తంబూరా తీగలు తుప్పు పట్టినయి. పట్నం పోయినంక నాలుగు తీగలు తెచ్చుకో, మూడు ఉక్కువి, ఒకటి ఇత్తడిది. నేనున్నప్పుడే ఎక్కిద్దాం.