పెతాయవెసి కొయ్య దేవాలయము



ఫిన్లాండు దేశపు మధ్యభాగమునఁ బెతాయవెసి యను చిన్న గ్రామము కలదు. ఆ దేశభాషలోఁ బైను చెట్టునకును నీటికిని గల పేళ్లు కలసి ఆ పేరైనది. దానికిఁ దగినట్లు చుట్టును అడవులు, నడుమ సరస్సులు. ఆ నీటి యొడ్డుననున్న పాత క్రైస్తవ దేవాలయమును గూర్చి నేఁడు ముచ్చటింతము.

ఆ దేశము స్వీడను రాజుల యేలుబడిలో నున్న కాలమున, 1763 మొదలు 1765 వఱకు, యాక్కో లెప్పానెన్ అను వడ్రంగి మేస్త్రి దీనిని పైను దూలములతోఁ గట్టెను. సిలువ యాకారము; నడుమ ఎనిమిది మూలల కప్పు. ఐరోపా నగరములందలి రాతి గుళ్ల రూపమును పల్లెటూరి పనివాఁడు కొయ్యలో దింపినాఁడు. 1821లో నతని మనుమఁడు ఎర్కి గంటగోపురమును జేర్చెను. భక్తులు వేసవిలోఁ బడవలపైనను, శీతకాలమున గడ్డకట్టిన సరస్సుమీఁదుగను వచ్చుచుండిరి.

1879లోఁ గ్రొత్త దేవాలయము వెలసెను, పాతది విడువఁబడెను. ఇట్టి కట్టడముల గతి సాధారణముగ నేమగునో మీకుఁ దెలియును. కాని గ్రామస్థులు దానిని బడఁగొట్టలేదు. దాని చెంతనున్న శ్మశానమును, గంటగోపురమును వాడుచునే యుండిరి. 1920 తరువాతి దశకమున స్త్షిగోవ్‌స్కి యను ఆస్ట్రియా కళాచరిత్ర పండితుఁడు దాని విలువను జాటెను. 1929లో మరమ్మతు లారంభమయ్యెను. 1994లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదలలోఁ జేర్చెను.

పని తీఱిన కట్టడము నేమి చేయవలెనను ప్రశ్న ప్రతి గ్రామమునకును వచ్చును. ఆ గ్రామస్థులు యాబదియేండ్లు ఊరక నిలువనిచ్చుటచేతనే, విలువ యెఱిఁగినవాఁడు వచ్చునప్పటికిఁ జూచుటకు గుడి మిగిలియుండెను.