చర్మవ్యాధులకు పేరు పెట్టిన చరిత్ర

పేరు పెట్టుట చిన్న పని కాదు. బిడ్డకు పేరు పెట్టునపుడు పంచాంగము చూతుము, పెద్దల నడుగుదుము, పళ్లెములోని బియ్యముపై ఆ పేరు వ్రాయుదుము. రోగమునకు పేరు పెట్టునపుడు మాత్రము వీధిని పోవువాడు సయితము వైద్యుడే. ఒంటిమీద నొక మచ్చ కనబడిన చాలును, “పెద్దరోగము” అని గుసగుసలు బయలుదేరును. అట్టి పేరొకటి ఒక మనుష్యుని బ్రతుకును ఎట్లు క్రుంగదీసినదో చిన్ననాట కన్నులార చూచితిని. ఆ మాటతోనే నేటి ప్రసంగము మొదలిడుదును.

ఓరుగల్లునకు చేరువనున్న యొక పల్లెలో నేను సంస్కృతమునకు శ్రీకారము చుట్టితిని. 1969 ప్రాంతమున నాకు శబ్దములు వల్లె వేయించిన గురువుగారికి మోచేతులమీదను మోకాళ్లమీదను ఎఱ్ఱని మచ్చలుండెడివి. వానిపై తెల్లని పొలుసులు కట్టి రాలుచుండెడివి. చలికాలమున అవి మిక్కుటమయ్యెడివి. ఊరివారు దానికి పెద్దరోగమని పేరు పెట్టిరి. గుడిలో తీర్థమిచ్చు పని ఆయన చేతినుండి తొలగించిరి. పిల్లలు ఒకరి వెనుక ఒకరు పాఠము మానిరి. ఇంటివారు వలదన్నందున నేనును మానితిని. చాల యేండ్లకు పట్టణములో నొక వైద్యుడు ఆయనను పరీక్షించి, ఇది కుష్ఠు కాదు, సోరియాసిస్ అను వ్యాధి, ఒకరినుండి యొకరికి అంటునది కాదు అని చెప్పెనట. ఆ మాట ఊరు చేరునప్పటికి ఆయన పాఠము చెప్పిన అరుగు పాడువడియుండెను.

ఈ తప్పు మా యూరు ఒక్కదానిదే అనుకొనవలదు. దీని వయస్సు చాల పెద్దది.

మన ప్రాచీన వైద్యగ్రంథములలో కుష్ఠ శబ్దము నేడు మనమనుకొను ఒక్క వ్యాధికే పరిమితము కాదు. చర్మమును పాడుచేయు అనేక వ్యాధులకు అది ఉమ్మడి పేరు. చరకుడును సుశ్రుతుడును మహాకుష్ఠములు ఏడు, క్షుద్రకుష్ఠములు పదునొకండు, వెరసి పదునెనిమిది యని లెక్కించిరి. వీనిలో కిటిభము, ఏకకుష్ఠము అనువాని లక్షణములు సోరియాసిస్‌కు దగ్గరగా నున్నవనియు, విచర్చిక ఎగ్జిమాకు దగ్గరగా నున్నదనియు నేటి ఆయుర్వేద పండితులు పలువురు చెప్పుదురు. లెక్క ఇద్దరిదియు ఒక్కటే. కాని విభాగము ఒక్కటి కాదు. చరకుడు సిధ్మమును మహాకుష్ఠములలో చేర్చి దద్రువును క్షుద్రకుష్ఠములలో నుంచెను. సుశ్రుతుడు దద్రువును పెద్దవానిలో చేర్చి సిధ్మమును చిన్నవానిలో నుంచెను. అంతటి ద్రష్టలకే అభిప్రాయభేదము వచ్చినది. చరకసంహిత నిదానస్థానమందు మఱొక మాటయు కలదు. కుష్ఠము ఏడు విధములనియు, పదునెనిమిది విధములనియు, లెక్కకందనన్ని విధములనియు చెప్పవచ్చునట. ఎఱుగని దానిని ఎఱిగినట్లు చెప్పక, లెక్క తేలదని ఒప్పుకొనుట శాస్త్రజ్ఞుని లక్షణము.

మన నేలపై వైద్యమునకు ఆదరము లేకపోలేదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వేయించిన మల్కాపురము శాసనమునందు ప్రసూతిశాలయు ఆరోగ్యశాలయు పేర్కొనబడినవి. అయినను ఆ కాలపు వైద్యునికి ఉన్న సాధనములు మూడు: దర్శనము, స్పర్శనము, ప్రశ్నము. చూచుట, తాకుట, అడుగుట. చర్మము పైకి చూపిన దానినే అతడు చదువగలడు. లోపలి వ్రాత అతనికి కనబడదు.

పాశ్చాత్యులును ఇంచుమించు ఇట్లే నడచిరి. లండనులో రాబర్ట్ విల్లన్ అను వైద్యుడు చర్మవ్యాధులను పొక్కు, పొలుసు, బొబ్బ, చీము, మచ్చ మున్నగు ఆకృతులనుబట్టి ఎనిమిది తరగతులుగా విభజించెను. ఆయన గ్రంథము 1808లో వెలువడినది. ఆ క్రమము గొప్పదే. కాని నేడు మనము సోరియాసిస్ అనుదానిలో నొక రూపమును ఆయన “లెప్రా” అను పేరుతోనే వర్ణించెను. లెప్రా యనగా కుష్ఠు అనియే లోకము గ్రహించును. మా పల్లెలో జరిగిన పొరపాటే లండను గ్రంథములోను జరిగినది. 1841లో వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా ఆ పేరును సోరియాసిస్‌నుండి తొలగించెను. 1873లో నార్వే దేశమున హాన్‌సెన్ కుష్ఠునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. ఆకృతిని విడిచి కారణమును వెదకు మార్గము అప్పుడు తెఱచుకొన్నది.

ఆ మార్గమందును చిక్కులు లేకపోలేదు. కుష్ఠునకు సూక్ష్మజీవి సాధారణముగ ఒక్కటే. అయినను ఒక రోగికి ఒకటి రెండు మచ్చలతో ఆగును, మఱొకనికి దేహమంతయు వ్యాపించును. రోగి దేహములోని రక్షణశక్తి ఎట్లు ఎదుర్కొనునో దానినిబట్టి వ్యాధి రూపము మాఱును. దీనిని గ్రహించి 1966లో రిడ్లే, జోప్లింగ్ అను ఇద్దరు కుష్ఠును ఐదు తెగలుగా విభజించిరి. అచ్చట కారణము ఒక్కటి, ముఖములు అనేకము. సోరియాసిస్, ఎగ్జిమాల విషయము దీనికి తలక్రిందు. లోపలి నడక వేఱు, పైముఖము మాత్రము ఒక్కొక్కప్పుడు ఒక్కటే. చర్మపు ముక్కను కోసి సూక్ష్మదర్శినిలో చూచినను కొన్ని వేళల వైద్యునికి సందేహము తీఱదు.

ఈ సందేహము తీర్చుటకు వచ్చినదే జన్యువుల పరీక్ష. పండితుని భాషలో చెప్పుదును, వినుడు. మన దేహములోని కణములలో ఇంచుమించు ప్రతిదానియందును ఒకే తాళపత్ర భాండాగారము కలదు. అందు ప్రోటీనులను తయారుచేయు విధానము తెలుపు జన్యువులు సుమారు ఇరువదివేలు. భాండాగారము ఒకటే యైనను, కంటి కణము చదువు పత్రములు వేఱు, చర్మపు కణము చదువు పత్రములు వేఱు. ఏ పత్రము కావలెనో దానికి కణము ప్రతి వ్రాసికొనును. ఆ ప్రతియే ఆర్.ఎన్.ఏ. దేహమునకు రోగము వచ్చినపుడు కొన్ని పత్రములకు ప్రతులు వందలుగా వ్రాయబడును, కొన్నిటికి వ్రాత ఆగిపోవును. ఏ పత్రమునకు ఎన్ని ప్రతులు వ్రాయబడినవో లెక్కించినచో, లోపల జరుగుచున్న పని యేమో తెలియును. దీనికే జన్యు వ్యక్తీకరణ పరీక్ష యని పేరు.

వేలకొలది జన్యువులను ఒక్కసారి లెక్కించుటకు మార్గము 1990ల దశకమున ఏర్పడినది. 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు 38 మంది రక్తక్యాన్సరు రోగుల మజ్జను పరీక్షించి, అంతకుముందే వైద్యులెఱిగిన రెండు తెగలను జన్యువుల లెక్కతోనే వేఱుచేసి చూపిరి. 2003లో అదే పద్ధతి కుష్ఠునకు వర్తించినది. పరిమితముగ నుండు రకపు మచ్చలును, దేహమంతయు వ్యాపించు రకపు మచ్చలును లోపల వేఱువేఱు పత్రములను చదువుచున్నవని తేలినది.

2014లో ప్రకటితమైన యొక పరిశోధన నాకు మిక్కిలి నచ్చినది. సోరియాసిస్, ఎగ్జిమా రెండును ఒకే దేహమునందున్న రోగులు కొందఱుందురు. అట్టివారిని 24 మందిని ఎన్నుకొని, ఒక్కొక్కరి రెండు విధముల మచ్చలను వారి ఆరోగ్యమైన చర్మముతోనే పోల్చి చూచిరి. మనుష్యునికి మనుష్యునికి గల సహజ భేదము ఇట్లు అడ్డురాదు, వ్యాధికి వ్యాధికి గల భేదమే మిగులును. ఎంత చక్కని తర్కము! ఎన్.ఓ.ఎస్.2, సి.సి.ఎల్.27 అను రెండు జన్యువుల ప్రతులను లెక్కించినచో ఆ రెండు వ్యాధులను చాలవఱకు వేఱుచేయవచ్చునని అందు తేలినది.

ఈ భేదము తెలిసిన లాభమేమి యని మీరడుగవచ్చును. సోరియాసిస్‌లో ఇంటర్‌ల్యూకిన్ 17 అను సంకేతము ముఖ్యము. దానిని అడ్డగించు మందు 2015లో అమెరికాలో అనుమతి పొందినది. ఎగ్జిమాలో ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనువాని పాత్ర ముఖ్యము. వానిని అడ్డగించు మందునకు 2017లో అనుమతి వచ్చినది. పేరు తప్పినచో మందు తప్పును. మందు తప్పినచో ధనమును కాలమును వ్యర్థమగును, ఒక్కొక్కప్పుడు రోగము ముదురును. ఇంతమాత్రమున వైద్యుని కన్నును చేతిని తీసివేయుటకు వీలులేదు. నిఘంటువు వచ్చినదని గురువును మానుకొన్నవాడు వ్యాకరణము నేర్వలేడు. సందేహము గల చోట ఈ పరీక్ష తోడు వచ్చును.

ఇంతవఱకు చెప్పి ఆపినచో నా ప్రసంగము సగమే యగును. మా గురువుగారిది కుష్ఠు కాదు గనుక ఆయనకు అన్యాయము జరిగినదని చాల కాలము నేననుకొంటిని. ఆలోచింపగా అది సరిగాదని తోచినది. ఆయనది కుష్ఠే యైనచో ఆ వెలి న్యాయమగునా? 1915లోనే మన నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు కుష్ఠురోగులకు చికిత్స మొదలిడెను. నా చిన్ననాటికి డాప్సోన్ మాత్రలుండెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సూచించినది. అయినను 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో గాని రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు కలదను కారణమున విడాకులు కోరు అవకాశము 2019 వఱకు మన చట్టములలో నుండెను. మందు వచ్చిన పిదప సయితము పేరు మనుష్యులను శిక్షించుచునే యున్నది.

కావున శ్రోతలారా, మీ యింటనో మీ వాడలోనో ఎవరి ఒంటిమీదనైన మచ్చ కనబడినచో మీరు దానికి పేరు పెట్టవలదు. వైద్యునియొద్దకు తోడుగా వెళ్లుడు. పేరు ఆయన పెట్టును. ఆ పేరు ఏదైనను, ఆ మనిషి చేతి మంచినీళ్లు త్రాగుట మానవలదు. పదునొకండేండ్ల వయస్సులో నేను చేయలేని పని ఇదియే.