మిరప చేలల్లో డేరాలు: పల్నాడు ఇల్లులేని కుటుంబాల లెక్కలో విద్యార్థులు, ఊరి యువత

సంక్రాంతి దాటాక పల్నాడులో మిరప కోతలు ఊపందుకుంటాయి. దుర్గి, మాచవరం, గురజాల వైపు చేల గట్ల మీద, కల్లాల పక్కన టార్పాలిన్ పట్టాల డేరాలు లేస్తాయి. వాటిలో ఉండేవాళ్లలో చాలామంది కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల నుంచి పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, వచ్చినవాళ్లు. వానమీద ఆధారపడ్డ పంట చేతికి రాక, కూలీలను కుదిర్చే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి బయలుదేరతారు. కోతలు అయ్యేదాకా వంటా నిద్రా ఆ పట్టా కిందే. పక్కనే ఆరబోసిన కాయల ఘాటు చంటిపిల్లల్ని కూడా వదలదు.

ఊళ్లో తాళం వేసిన ఇల్లు ఉన్నంత మాత్రాన వీళ్లకు ఇల్లున్నట్టు కాదు. ఏటా కొన్ని నెలలు వీళ్లవి ఇల్లులేని కుటుంబాలే, అలాగే లెక్కించాలి. 2011 జనగణన ఆరుబయట, రోడ్ల పక్కన, ఫ్లైఓవర్ల కింద బతికేవాళ్లను నిరాశ్రయులుగా గుర్తించి, దేశం మొత్తమ్మీద వారిని దాదాపు 17.7 లక్షలుగా తేల్చింది. వారి కోసం ప్రత్యేకంగా లెక్కించిన రాత్రి ఫిబ్రవరి 28. పల్నాడులో అది నిండు కోతల కాలం. చేల మధ్య డేరా రోడ్డు మీదికి కనబడదు. దాని జాడ తెలిసినవాడు వెంట లేకపోతే ఎన్యూమరేటరు అక్కడికి చేరడం కష్టం.

చట్టాలు, పథకాలు కూడా వీరి పక్కనుంచే వెళ్లిపోయాయి. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద కట్టిన ఆశ్రయ గృహాలు పట్టణాలకే పరిమితమయ్యాయి. 2025 దాకా అమల్లో ఉన్న, వలస కార్మికులకు వసతి కల్పించాలన్న 1979 నాటి చట్టాన్ని రాష్ట్ర సరిహద్దు దాటినవారికే వర్తించేలా రాశారు. కోసిగి, గురజాల ఒకే రాష్ట్రంలో ఉన్నాయి కాబట్టి ఈ కూలీలు అందులోకి రాలేదు. నా దృష్టిలో ఇంతకంటే అన్యాయమైన గీత మరొకటి లేదు. విద్యాహక్కు చట్టం (2009) మాత్రం తొమ్మిదో సెక్షన్‌లో వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. పట్టుకోవాల్సిన కొస ఇదే.

పట్టుకునేదెవరు? ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ పరిధిలోని డిగ్రీ విద్యార్థులకు అవకాశం చేతిలోనే ఉంది. 2020–21లో రాష్ట్రం తెచ్చిన కొత్త డిగ్రీ పాఠ్యక్రమంలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఊరికి వెళ్లి ఇంటింటి సర్వే చేయడం అందులో భాగం. అయితే అది పడేది రెండో సెమిస్టరు తర్వాతి వేసవి సెలవుల్లో. అప్పటికి డేరాలు ఎత్తేసి ఉంటారు. ఎంత శ్రద్ధగా సర్వే చేసినా ఈ కుటుంబాలు అందులో దొరకవు.

జాతీయ సేవా పథకం ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అలా కాదు, దాన్ని ఫిబ్రవరిలో పెట్టుకోవచ్చు. కానీ నరసరావుపేట నుంచి వచ్చిన విద్యార్థికి ఏ చేలో ఎన్ని డేరాలున్నాయో తెలియదు. కూలీలను తోలే ఆటో కుర్రాడికి తెలుసు, కాటా దగ్గర తూకం రాసే పిల్లాడికి తెలుసు. అంతకంటే ముఖ్యం, రైతుతో మాట్లాడాల్సింది ఊరివాడే. కాగితాలు పట్టుకొచ్చిన కొత్తముఖాన్ని చూస్తే రైతుకు కేసుల భయం, మేస్త్రికి కూలీలు చేజారతారన్న భయం. “ఏం లేదు బాబాయ్, పిల్లల్ని బడికి పంపడానికే” అని ఊరి కుర్రాడు చెబితే ఆ భయం కొంత తగ్గుతుంది. డేరాల్లో ఉండే యువతీయువకులను కూడా ఈ జట్టులో కలుపుకోవాలి. ఏ పాపకు ఎన్నో తరగతిలో చదువు ఆగిందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

జాబితాలో రాసుకోవాల్సింది కొంచెమే: పిల్లల వయసు, ఆగిపోయిన తరగతి, సొంత ఊరి బడి, గర్భిణులు, బాలింతలు. డేరాల్లో ఫొటోలు తీయకూడదు, అప్పుల మొత్తం అడగకూడదు. ఒక ప్రతి దగ్గర్లోని ప్రధానోపాధ్యాయుడికి, మరొకటి అంగన్‌వాడీకి ఇవ్వాలి. మూడోది కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయ విద్యార్థులకు పంపాలి. వచ్చే ఏడు సుగ్గికి బయలుదేరేలోపే పిల్లల్ని సీజనల్ హాస్టళ్లలో చేర్పించే పని ఆ వైపు నుంచి మొదలు కావాలి.

తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, అంటే మళ్లీ కోతల కాలమే. ఎన్యూమరేటర్లకు దారి చూపే డేరాల పటాలు జనవరి నెలాఖరుకల్లా తహసీల్దారు కార్యాలయాలకు చేరాలంటే విద్యార్థి బృందాలు, ఊరి యువత సంక్రాంతి సెలవుల్లోనే ఒకచోట కూర్చుని మండలాలు పంచుకోవాలి.